బోర్లించిన ఫోను

వనజ ఫోను పట్టుకునే తీరు చూసి వాడకట్టులో ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. కూర తాలింపు వేస్తున్నా అది నడుముకు చెక్కుకునే ఉండేది. బట్టలు పిండుతుంటే పక్కన పీట మీద బోర్లా పడి ఉండేది. ఎవరైనా చెయ్యి చాపి "జర ఇయ్యవా, మా చెల్లెకు ఒక్క ఫోన్ చేసుకుంట" అంటే చాలు, ముఖం మాడ్చుకుని "చార్జింగ్ లేదక్కా" అనేది. తల నెరుస్తున్న వయసులో ఇదేం ఫోను పిచ్చమ్మా అనుకున్నారు అందరూ. అనుకోనీ. పిచ్చయితే ఎప్పుడో ఒకప్పుడు తగ్గేది. వనజది భయం.

సిరిసిల్లలో నేతపని ఇంట్లో పుట్టిన ఆడపిల్ల అయితే దారం కండెలు చుట్టాలి, లేదంటే బీడీలు చుట్టాలి. వనజ రెండూ చుట్టింది. పెళ్ళయ్యాక, భర్త సిద్దిరాములు సాంచెలు నడిపే కార్ఖానాలోనే కండెల మిషను ముందు కూర్చుంది. సాంచెలంటే మరమగ్గాలు. ఆ చప్పుడు తెలియని వాళ్ళకు ఎంత చెప్పినా దండగ. లోపల మనిషి అరిచినా పక్క మనిషికి వినపడదు, అన్నీ చేతి సైగలే. ఇంటికొచ్చాక కూడా సిద్దిరాములు గట్టిగా మాట్లాడేవాడు, లేకపోతే అసలు మాట్లాడేవాడు కాదు. ఎక్కువగా రెండోదే.

వనజ కాపురానికి వచ్చేనాటికి సిద్దిరాములు చెల్లెలు రమ గౌనేసుకుని వీధిలో గంతులేసే పిల్ల. అత్త అప్పటికే మంచాన పడింది. రమకు పేన్లు తీసింది వనజ, జడలు వేసింది వనజ, బడికి పోనని మొండికేస్తే వీపు మీద రెండు వేసి పంపిందీ వనజే. వనజకు పిల్లలు కలగలేదు. రమ ఇంట్లో తిరుగుతున్నన్నాళ్ళూ ఆ లోటు పెద్దగా తెలియలేదు కూడా.

అటువంటి రమను కరీంనగర్‌లో ట్రాలీ ఆటో నడిపే అంబదాస్‌కు ఇచ్చి చేశారు. అందగాడు, మాట మెత్తన. చెయ్యి మాత్రం మెత్తన కాదని మొదటి ఏడాదే తెలిసింది. చెంప వాచి, కన్ను మూసుకుపోయి పుట్టింటికి వచ్చింది రమ. కులపెద్దలు కూర్చున్నారు, మాట్లాడారు, చాయలు తాగారు. "ఇగ కొట్టడు, మేం చెప్పినం" అన్నారు. సిద్దిరాములు సరేనని పెద్దలకు మాటిచ్చి, తనే స్వయంగా చెల్లెల్ని బస్సెక్కించి అత్తగారింట్లో దింపి వచ్చాడు. రెండోసారి చేతికి కట్టుతో, చంకలో పిల్లతో వచ్చింది. మళ్ళీ పెద్దలు, మళ్ళీ చాయలు, మళ్ళీ బస్సు. ఆ రోజు బస్టాండులో రమ అన్న ముఖం వైపు చూడలేదు. బస్సు కదిలేదాకా వదినె వైపే చూసింది. ఏమమ్మా, నువ్వు కూడానా, అని అడిగినట్టుంది ఆ చూపు. వనజ సిగ్గుతో తల దించుకుంది.

మూడోసారి రమ పుట్టింటికి రాలేదు. బస్టాండు పక్కన సెల్ దుకాణం నడిపే ఆఫ్రీన్ దగ్గరికి వెళ్ళి, అక్కడినుంచి వనజకు కబురు పెట్టింది. వనజ ఉరుకులు పరుగుల మీద పోయేసరికి దుకాణం వెనక గదిలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పిల్ల పేరు మమతారాణి. ఆ పిల్ల మోచేతి మీద కూడా ఒక కమిలిన మచ్చ కనబడింది.

"నన్ను అన్నకు అప్పజెప్తవా వదినె?" అన్నది రమ.

"నా నోట్ల మన్ను పడ. ఎందుకు అప్పజెప్త బిడ్డా?" అన్నది వనజ.

ఆఫ్రీన్‌కు ఆదిలాబాద్ దిక్కు, ఇచ్చోడలో షహర్ బానో ఖాలా అని పిన్నమ్మ ఉంది. బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుని ఒంటరిగా ఉంటుంది. రమకు మిషను మీద చెయ్యి బాగా తిరుగుతుంది. ఇంకేం కావాలి? ఆఫ్రీన్ ఒక పాత ఫోనులో కొత్త సిమ్ము వేసిచ్చింది. రమ పిల్లనెత్తుకుని నిర్మల్ బస్సెక్కింది. రమ ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇద్దరే మిగిలారు, వనజ, ఆఫ్రీన్. మూడో మనిషికి తెలిస్తే సిద్దిరాములుకు తెలుస్తుంది. సిద్దిరాములుకు తెలిస్తే పెద్దలకు తెలుస్తుంది. పెద్దలకు తెలిసిందంటే ఇక అంబదాస్‌కు వేరే చెప్పాలా?

కానీ ఇంట్లో పెద్ద ఫోను ఉన్నది ఒక్కటే. కార్ఖానాలో ఉన్నంతసేపూ అది సిద్దిరాములు సాంచె మీద, ఇంటికొస్తే వనజ చేతిలో. రమ వెళ్ళిన సాయంత్రం సిద్దిరాములు మంచం మీద కూర్చుని ఏదో వీడియో చూస్తున్నాడు. అంతలో తెర పైభాగాన తెల్లటి పట్టీ ఒకటి దిగింది. "చేరినం వదినె, బిడ్డ పండుకున్నది." వనజ వెనకనుంచి చూసింది. "అయ్యో, పాలు పొంగుతున్నయ్, జూడుపో!" అని అరిచి, ఆయన లేచేలోపు ఫోను లాక్కుంది. పొయ్యి మీద పాలు లేవు, అసలు గిన్నే లేదు. సిద్దిరాములు వంటింట్లోకి తొంగి చూసి వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు తెల్లారంగానే ఆఫ్రీన్ దుకాణం ముందు నిలబడింది వనజ.

"గీ పట్టీలు రాకుంట చెయ్యి తల్లీ. సప్పుడు రావద్దు, పేరు రావద్దు, ఏం రావద్దు. నా పానం పోతున్నది."

"ఫికర్ చెయ్యకు వనజక్కా. ఇగో ఇట్ల చూడు" అని ఆఫ్రీన్ ఫోను ముందర పెట్టుకుని ఒక్కొక్కటే విప్పి చూపించింది. తెర మీద పట్టీ దిగకుండా ఒక మీట. తాళం వేసి ఉన్నప్పుడు ఏమీ కనబడకుండా ఇంకొకటి. చప్పుడుకు, వణుకుకు వేరు వేరు. వాట్సాప్ బొమ్మ మీద చిన్న చుక్క వస్తుంది చూడు, దాన్ని కూడా తీసేసింది. రమ నంబరును 'అనసూర్య సంఘం' అని మార్చింది. అనసూర్య మహిళా సంఘం లీడరు. సంఘం మెసేజులు తెరిచి చదివే మగవాడు భూమ్మీద పుట్టలేదని ఆఫ్రీన్ లెక్క.

"మెసేజ్ చూసుడు, తుడిచేసుడు. పొద్దుగూకినంకనే పెట్టమను. ఇంట్ల ఎవ్వలున్నా ఫోను బోర్ల పెట్టు, తెర వెలిగినా కనవడది. సమజైందా?"

సమజైంది. ఒకటికి పదిసార్లు సమజైంది. బంగారు దుకాణాల ఆఫర్లూ, నీకు లక్షల బహుమతి తగిలిందనే దొంగ సందేశాలూ, ముక్కూ ముఖం తెలియని వాళ్ళ శుభోదయాలూ, అన్నీ ఆ దెబ్బకు నోరు మూసుకున్నాయి. సిద్దిరాములు ఒకరోజు ఫోను తిప్పి చూసి "ఏందే, దీనికి నోరు పడిపోయిందా?" అన్నాడు. "అక్కెరకు రానియి ఎందుకని బంద్ చేయిపిచ్చిన" అన్నది వనజ. ఆయన మళ్ళీ అడగలేదు. అడగకపోవడం కూడా ఆమెకు భయమే అయింది.

ఇక అంబదాస్ రాకపోకలు మొదలయ్యాయి. వస్తే అరవడు, తిట్టడు. అరిస్తే బాగుండేది, నలుగురినీ పిలవొచ్చు. చెప్పులు వాకిట్లో జతగా విడిచి, "బాగున్నవా చెల్లె?" అంటూ వచ్చి కూర్చుంటాడు. చాయ తాగి గ్లాసు తనే కడిగి పెడతాడు. "బిడ్డ యాదికొస్తున్నది బావా, అన్నం పోతలేదు" అని సిద్దిరాములు చేతులు పట్టుకుని ఏడుస్తాడు. ఏడుస్తూనే కళ్ళు మాత్రం గూట్లోకి, మంచం మీదికి, వనజ నడుము దగ్గరికి పోతుంటాయి. ఫోను ఎక్కడుందో చూస్తున్నాడు, దొంగసచ్చినోడు! రమ లోకంలో మాట్లాడే మనిషి ఎవరైనా ఉంటే అది వదినేనని వాడికి తెలియదా? సిద్దిరాములు మాత్రం తల వంచుకుని వినేవాడు. ఒకసారి వాడు వెళ్ళాక "మనిషి జర మారినట్టే ఉన్నడు" అన్నాడు. పక్కలో మనిషినే చూసి వణికే బతుకు పగవాళ్ళకు కూడా వద్దు.

అట్లా వర్షాలు పోయాయి, చలి వచ్చింది. ఇచ్చోడలో రమ కుదురుకుంది. ఊళ్ళో జాకెట్లన్నీ తన దగ్గరికే వస్తున్నాయని, పిల్ల రాత్రుళ్ళు ఉలిక్కిపడడం తగ్గిందని రాసేది. ఒకనాడు, బాసర పోయి సరస్వతమ్మ గుళ్ళో మమతారాణికి అక్షరాభ్యాసం చేయిస్తానని రాసింది. తండ్రి లేకుండా కూర్చోనిస్తారా అని అడిగితే, "నేను కూసుంట, షహర్ బానో ఖాలా గుడి బయట ఉంటది, ఎవ్వలేమంటరో చూస్త" అన్నది. ఆ తెగింపు చూసి వనజకు నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. అక్షరాభ్యాసం రోజున నూలు రాలేదని కార్ఖానా బంద్. ఫోను తన దగ్గరే ఉంటుంది కదా అన్న ధీమాతో వనజే రాసింది, "ఇయ్యాల్ల పగటిపూటనే ఫోటోలు పెట్టు బిడ్డా, కండ్ల నిండ చూసుకుంట."

పెట్టమన్నది తనే. ఎవరిని అనాలి?

సిద్దిరాములు ముందర గదిలో అన్నం తింటున్నాడు. ఫోను గూట్లో చార్జింగుకు పెట్టి ఉంది, అలవాటు ప్రకారం బోర్లించి. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. "బాగున్నవా చెల్లె?" అంబదాస్ చేతిలో అరటిపండ్ల సంచీ, ఇంకో చేతిలో పిల్ల కోసం కొన్న పూల గౌను. వచ్చి సరిగ్గా గూటికెదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. గౌను ఒళ్ళో పరుచుకుని దాని కుచ్చులు సవరిస్తున్నాడు.

అప్పుడు గూట్లో ఫోను వెనకవైపు లైటు కొట్టింది. టక్, టక్, టక్. కిటికీ లేని గది, పట్టపగలే మసక. ఆ వెలుగు పైకప్పు రేకులకు తగిలి గదంతా ఒక్కసారి తెల్లబడింది.

ఇది సాంచెల దగ్గర పనిచేసే వాళ్ళకే వచ్చే తిప్పలు. కార్ఖానా చప్పుడులో ఫోను మోగితే ఎవరికి వినిపిస్తుంది? అందుకని అక్కడ మగవాళ్ళంతా, ఏం వచ్చినా వెనకవైపు లైటు కొట్టేలా ఫోనుల్లో పెట్టించుకుంటారు. సిద్దిరాములూ ఎప్పుడో పెట్టించుకున్నాడు. చప్పుడు ఆపినా, పట్టీ ఆపినా, ఆ లైటు ఎవరి మాటా వినదు. ఆఫ్రీన్ ఎన్నడూ కార్ఖానాలో కూర్చోలేదు, ఆమెకేం తెలుసు? వనజకు తెలుసు. ఏళ్ళ తరబడి చూసి చూసి అది కంటికి ఆననే లేదు. పైగా బోర్లిస్తే కనబడేది ఆ లైటే కదా! తెర దాచబోయి లైటును నెత్తికెత్తి పెట్టుకుంది.

"ఫోన్ వచ్చినట్టుందే చెల్లె."

"రాలే అన్నా. చార్జింగ్ నిండినట్టుంది."

మళ్ళీ టక్, టక్, టక్. వెంటనే మళ్ళీ. రమ ఒకటి తర్వాత ఒకటి ఫోటోలు పెడుతోంది, పాపం, సంబురంగా.

అంబదాస్ లేచాడు. గౌను కుర్చీ మీద జాగ్రత్తగా మడిచి పెట్టి, గూట్లోంచి ఫోను తీసి తిప్పి చూశాడు. తెర మీద టైము ఉంది, గులాబీ పువ్వు బొమ్మ ఉంది, ఇంకేమీ లేదు. అట్లా చూస్తుండగానే చేతిలో ఇంకోసారి వెలిగింది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ఏ బంగారు దుకాణం పేరో కనబడితే వాడు అక్కడ పడేసి కూర్చునేవాడేమో. ఏమీ కనబడకపోవడమే పట్టిచ్చింది.

"వచ్చేది వస్తున్నది. కనవడుతలేదు. ఎవ్వలినే చెల్లె, గింత మంచిగ దాచిపెట్టినవ్?" అన్నాడు. గొంతు ఇప్పటికీ మెత్తగానే ఉంది. "తాళం తియ్యి."

తీస్తే గుడి కనబడుతుంది, గోదారి కనబడుతుంది, పిల్ల ముఖం కనబడుతుంది. ఇప్పుడు బండెక్కితే పొద్దుగూకకముందే బాసరలో ఉంటాడు. ఫోను లాక్కుని నీళ్ళ బిందెలో పడేద్దామా అనుకుంది.

"ఇటియ్యి బావా" అన్నాడు సిద్దిరాములు.

ఎంగిలి కుడిచెయ్యి పక్కకు పెట్టి లేచి, ఎడమచేత్తో ఫోను తీసుకున్నాడు. బొటనవేలితో తాళం గీత గీసి వాట్సాప్ తెరిచాడు. వనజ కళ్ళు మూసుకుంది. అయిపోయింది, మూడో బస్సు కూడా ఈ మనిషే ఎక్కిస్తాడు అనుకుంది. ఎంతసేపటికీ మాట వినపడకపోయేసరికి కళ్ళు తెరిచింది. సిద్దిరాములు తెర వైపు చూస్తూనే ఉన్నాడు. దవడ కదులుతోంది, నోట్లో ముద్ద లేదు.

"కార్ఖాన గ్రూపు. మా సాంచెల ఆసామి పెట్టిండు. రేపు నూలొస్తదట" అన్నాడు.

"ఏది, నాకు సూపెట్టు."

"నీకెందుకు సూపెట్టాలె?"

"బావా..."

"నా ఫోన్ల నా పని ముచ్చట నీకెందుకు సూపెట్టాలె అంటున్న! సాంచె నడిపిస్తవా నువ్వు?" సిద్దిరాములు కార్ఖానాలో అరిచినట్టు అరిచాడు. అప్పుడే ఫోను మళ్ళీ వెలిగింది. ఆయన అరచేత్తో దాని వీపు గట్టిగా మూశాడు. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కనబడుతూనే ఉంది. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

అంబదాస్ గౌను తీసుకుని సంచీలో పెట్టుకున్నాడు. "మంచిది బావా. ఎవ్వల కాడ తాళమున్నదో తెలిసింది. రమ ఏడున్నదో తెల్వాలె, గంతే" అని వాకిట్లోకి పోయి నింపాదిగా చెప్పులు తొడుక్కున్నాడు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది. అప్పుడు సిద్దిరాములు తలుపు గడియ వేసి కింద కూలబడ్డాడు.

"అనసూర్యక్క కాడ గుండీల ఫోనే ఉన్నది, అండ్ల వాట్సాప్ రాదు. ఆమె కొడుకు నా పక్క సాంచె మీదనే ఉంటడు" అన్నాడు.

"ఎన్నడు తెలిసింది?"

"ఎన్నడో."

"మరి అడుగలేదేంది?"

"అడిగితే చెప్తువు. చెప్తే నాకు తెలిసినట్టైతది. పెద్దలు నిలవెట్టి అడిగితే నేను కాదనగల్గుదునా?" ఫోటో మీద వేలు పెట్టాడు. బియ్యం పోసిన పళ్ళెంలో పిల్ల చెయ్యి, ఆ చెయ్యి మీద రమ చెయ్యి. రమ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. అది చూసి సిద్దిరాములు ఎక్కెక్కి ఏడ్చాడు. "నేనే బస్సెక్కించిన వనజా. నా చేతులతోనే ఎక్కించిన. చెప్పు దానికి. అన్నకు అంత తెలిసింది, అన్న నీ దిక్కే ఉన్నడని చెప్పు. ఒక్కసారి మాట్లాడిపియ్యవే."

ఇన్ని నెలల్లో వనజ గుండె మీది బరువు మొదటిసారి దిగింది. పక్కలో ఉన్నది పరాయి మనిషి కాదు, తన మనిషే! గబగబా రాసింది. అంబదాస్ వచ్చిన సంగతి, జాగ్రత్తగా ఉండమని, చివర్న "మీ అన్నకు తెలిసింది, ఆయన మన దిక్కే, నీతోని మాట్లాడుతడట" అని. పక్కన గుర్తులు నీలంగా మారాయి. రమ చదివింది. రాస్తున్నట్టు కనబడింది, ఆగింది. మళ్ళీ రాస్తున్నట్టు కనబడింది, ఆగింది. తర్వాత ఇంకేమీ రాలేదు. సిద్దిరాములు ఉండలేక ఫోను చేశాడు. స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అంబదాస్ కూడా రావడం మానేశాడు. వచ్చినన్నాళ్ళూ వాడి చెప్పుల చప్పుడుకు వణికిన వనజ, ఇప్పుడు ఆ చప్పుడు వినపడడం లేదని వణికింది. వాడెక్కడున్నాడు? ఏ ఊళ్ళో తిరుగుతున్నాడు? కండెల మిషను ముందు కూర్చుంటే దారం తెగింది కూడా తెలిసేది కాదు. సిద్దిరాములు సాంచె ఆపి ఆపి ఫోను చూసుకునేవాడు. చివరికి ఆఫ్రీన్ కబురు పెట్టింది.

"సలామత్‌గ ఉన్నది, గాబర పడకు" అన్నది ఆఫ్రీన్ షట్టరు సగం దించి. "నీ మెసేజ్ బాసరలనే చూసిందట. అన్నకు తెలిసిందా అని ఒక్క మాటనే అన్నదట. అక్కన్నే సిమ్ము తీసి పారేసింది. మల్ల ఇచ్చోడ రాలే. ఖాలానే వేరే ఊర్ల తెలిసినోళ్ళ ఇంట్ల పెట్టింది. ఏ ఊరో నాక్కూడ చెప్తలేదు. నువ్వు అడుగకు."

"నాకేమన్న చెప్పమన్నదా?"

ఆఫ్రీన్ గల్లాపెట్టె మూసి తాళం వేసింది. "బిడ్డ రోజు పలక మీద రాస్తున్నదని వదినెకు చెప్పుమన్నది. అన్నకు మాత్రం మేం బతికున్నమని కూడ చెప్పొద్దన్నది."

వనజ ఇంటికి వచ్చేసరికి సిద్దిరాములు గడపలోనే కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "ఏమన్న తెలిసిందానే? బతికే ఉన్నది కదా?" అని అడిగాడు.

వనజ ఆయన పక్కనుంచే లోపలికి పోయింది. ఆయన వెనకే వచ్చి వంటింటి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వనజ అటు తిరగకుండానే బియ్యం చేటలోకి వంపుకుంది.

"ఏం తెల్వలే" అన్నది.